ఫెర్మెంటర్ మార్చేముందు నోట్‌బుక్ తెరిచాను

నేను ఇంట్లో కాచిన ఐపీఏ (హాప్స్ అనే చేదు పువ్వులు ఎక్కువ వేసే బీరు) కెగ్‌లోకి, అంటే ఒత్తిడి పట్టే స్టీలు పీపాలోకి, ఎక్కించిన రోజు ఎండుగడ్డి రంగులో ఉంది. మూత తీస్తే గదంతా హాప్స్ వాసన. ఇరవై రెండో రోజున అదే బీరు గ్లాసులోకి వంచితే పాత ఇత్తడి రంగు. మా బావ గ్లాసును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కాసేపు చూశాడు. ఒక గుక్క తాగి కింద పెట్టేసి, "బావా, తడిసిన అట్టపెట్టె వాసన వస్తోంది" అన్నాడు. నేనూ తాగి చూశాను. నిజమే. ముందురోజు వరకు బాగానే ఉందనుకుంటూ వచ్చిన నేను, ఆయన ఆ మాట అన్నాక ఇంకో వాసన పట్టలేకపోయాను.

బీరు కాచడం మొదలుపెట్టి నాకు నాలుగేళ్లు. మొదటి రోజు నుంచీ ఒకటే ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర). తెల్లటి ప్లాస్టిక్ బకెట్, మూతకు ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను ద్రవం గుండా బయటకు వదిలే చిన్న గొట్టం), అడుగున కొళాయి. దాంట్లో మంచి బీర్లు చాలానే తీశాను, ఆ బకెట్ మీద నాకు కోపం లేదు. కానీ ఆ ఐపీఏ పారబోసిన సాయంత్రం ఇక మార్చాల్సిందే అనుకున్నాను. మనసులో ఎప్పటి నుంచో ఉన్నది స్టెయిన్‌లెస్ స్టీలు కోనికల్ ఫెర్మెంటర్. మూడు కాళ్లు, అడుగున గరాటు, కింద వాల్వ్, పక్కన శాంపిల్ తీసుకునే చిన్న కొళాయి. రాత్రిళ్లు దాని ఫొటోలు చూస్తూ కూర్చునేవాణ్ని.

ఆర్డర్ పెట్టేముందు నోట్‌బుక్ తెరిచాను. ప్రతి బ్యాచ్‌కు ఒక పేజీ రాసుకోవడం నాకు అలవాటు: మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం), హాప్స్, ఈస్ట్, మొదటి గ్రావిటీ (చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత), చివరి గ్రావిటీ, రోజువారీ ఉష్ణోగ్రత, చివర్లో రుచి. మొత్తం 34 పేజీలు. చివరి పన్నెండు బ్యాచ్‌లు తీసుకుని, నచ్చనివాటి పక్కన ఎందుకు నచ్చలేదో ఎర్ర పెన్నుతో రాశాను. ఏడు తేలాయి. నాలుగు ఆక్సిజన్ వల్ల పోయాయి: రంగు ముదరడం, హాప్స్ వాసన చచ్చిపోవడం, అట్ట రుచి. రెండు వేడి వల్ల: గొంతులో మంట పుట్టించే ఘాటు. ఒకటి కొళాయిలో చేరిన క్రిముల వల్ల పులిసింది. అడుగున పేరుకున్న మడ్డి వల్ల పాడైనది ఒక్కటీ లేదు.

ఆ లెక్క చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. కోనికల్ గొప్పతనమంతా మడ్డి తీసేయడంలోనే ఉంది కదా.

గరాటు అడుగున్న ఎత్తైన ట్యాంకుకు పేటెంట్ తీసుకున్నది లియోపోల్డ్ నాథన్, 1908లో. పెద్ద బ్రూవరీలకు అది వరమే. పులియడం అయిపోయాక ఈస్ట్ గరాటు గోడల వెంట జారి అడుగున చేరుతుంది, వాల్వ్ తిప్పి దాన్ని బయటకు లాగి మళ్లీ వాడుకోవచ్చు. అన్ని మీటర్ల ఎత్తు బీరు బరువు కింద, వేడిగా, రోజుల తరబడి నలిగితే ఈస్ట్ చచ్చి పగిలి బీరుకు చెడ్డ రుచి ఇస్తుంది కాబట్టి వాళ్లకు ఆ తొందర తప్పదు. నా 20 లీటర్ల బ్యాచ్‌లో బీరు లోతు మూడు జానెడ్లు కూడా ఉండదు. రెండు మూడు వారాలు మడ్డి మీదే ఉంచినా ఏ తేడా రాలేదని నా పేజీలే చెబుతున్నాయి. ఇక ఈస్ట్ దాచుకోవడమంటారా, బకెట్ అడుగున మిగిలినదాన్ని శుభ్రం చేసిన సీసాలోకి వంపుకుంటే సరిపోతోంది. పైగా చిన్న కోనికల్‌లో ఈస్ట్ అనుకున్నంత సాఫీగా దిగదు. గరాటు గోడలకు అంటుకుంటుంది, మధ్యలో బొరియ పడి ముందు బీరే వచ్చేస్తుంది. ఒక మిత్రుడి దగ్గర అది నా కళ్లతో చూశాను.

దాన్ని కడగడం కూడా అతని దగ్గరే చూశాను. రెండు బటర్‌ఫ్లై వాల్వులు, ఒక శాంపిల్ కొళాయి, ఉష్ణోగ్రత గొట్టం, మూత, ప్రతి కలయిక దగ్గరా ఒక క్లాంపు, ఒక గాస్కెట్. వాల్వు విప్పి లోపలి రబ్బరు తీశాడు. దాని అంచు కింద లేత ఆకుపచ్చ పొర. హాప్స్ ముద్ద, ఈస్ట్ కలిసి గట్టిపడింది. గోరుతో గీకితే గానీ రాలేదు. అతను ప్రతిసారీ విప్పి కడిగే మనిషి, అందుకే బీరు బాగుంటుంది. బీరు కాచిన రోజు రాత్రి పదింటికి అంత ఓపిక నాకు ఉంటుందా అంటే ఉండదు. నా బకెట్ కొళాయిలో పులిసిన బ్యాచ్ దానికి సాక్ష్యం. ఆ కొళాయిని బ్రష్‌తో బయట నుంచే రుద్దుతూ వచ్చాను. చివరికి వేడినీళ్లలో నానబెట్టి లోపలి గొట్టాన్ని బయటకు లాగితే, రెండు ప్లాస్టిక్ పొరల మధ్య గోధుమరంగు జిగురు. అన్ని నెలలూ నా ప్రతి బీరూ దాన్ని తాకుతూనే సీసాల్లోకి దిగింది. ఆ రోజు నుంచి ఏ ఫెర్మెంటర్ చూసినా ముందు దానికి ఎన్ని కీళ్లు ఉన్నాయో లెక్కపెడుతున్నాను.

ఇక వేడి సంగతి. నేను ఆలస్యంగా అర్థం చేసుకున్నది ఇదే. ఈస్ట్ చక్కెరను తింటూ వేడి పుట్టిస్తుంది. గ్రావిటీ 1.050 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగే 20 లీటర్ల బ్యాచ్‌లో పుట్టే వేడి బయటకు పోకుండా ఆగితే, ఆ బీరు ఉష్ణోగ్రతను పది డిగ్రీల దాకా పెంచగలదు. నిజానికి చాలావరకు గోడల గుండా పోతూనే ఉంటుంది, అయినా మొదటి రెండు రోజుల్లో బీరు గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. గదిలో 22 చూసి నేను ధీమాగా ఉన్న రోజుల్లో లోపల 26 నడుస్తోంది. చాలా ఏల్ (కాస్త వెచ్చగా పులిసే రకం బీరు) ఈస్ట్‌లు 18 నుంచి 20 మధ్య శుభ్రంగా పనిచేస్తాయి. పైకి పోతే ఘాటు ఆల్కహాల్స్ పుట్టిస్తాయి, అవి ఒకసారి చేరాక పోయే దారి లేదు. ఎన్ని వారాలు ఆగినా ఆ మంట తగ్గలేదని రెండు పేజీల్లో రాసి ఉంది.

దీనికి మందు ఫెర్మెంటర్‌లో లేదు, ఫ్రిజ్‌లో ఉంది. పాత ఫ్రిజ్ ఒకటి, దానికి బయట తగిలించే ఉష్ణోగ్రత కంట్రోలర్ ఒకటి. సెన్సర్‌ను ఫెర్మెంటర్ గోడకు అతికించి, పైన మందపాటి స్పాంజి పెట్టి టేపు చుట్టాలి. గాలిలో వేలాడదీస్తే ఫ్రిజ్‌లోని గాలిని కొలుస్తుంది, బీరును కాదు. కాబట్టి నా మొదటి షరతు తేలిపోయింది: కొత్త ఫెర్మెంటర్ ఏదైనా సరే, ఆ ఫ్రిజ్‌లో పట్టాలి.

ఫ్రిజ్ అరలన్నీ తీసేసి టేపుతో కొలిచాను. వెడల్పు 46 సెంటీమీటర్లు. ఎత్తు చాలినంత ఉందనిపించింది, కానీ వెనక కంప్రెసర్ మీద మెట్టులా ఒక ఎత్తు ఉంది. ఫెర్మెంటర్ దాని మీద కూర్చోవాలి, అక్కడి నుంచి పైకప్పుకు 71 సెంటీమీటర్లే. నేను కలలుగన్న కోనికల్ కాళ్లతో కలిపి 80 పైనే, ఎయిర్‌లాక్ అదనం. బయట పెట్టుకుని లోపల కాయిల్‌లోకి చన్నీళ్లు తిప్పే పద్ధతి ఉంది గానీ, దానికి పంపు, ఐసు నీళ్ల డబ్బా, రెండు గొట్టాలు, ఇంకొన్ని కీళ్లు. అక్కడితో కోనికల్ పక్కకు వెళ్లింది. మనసు ఒప్పుకోవడానికి వారం పట్టింది, ఆ ఫొటోలు ఫోన్‌లో ఇంకా ఉన్నాయి.

గాజు కార్బాయ్ (సన్న మెడ ఉన్న పెద్ద సీసా) గురించి ఎక్కువ చెప్పను. గాజు గీతలు పడదు, గాలిని రానివ్వదు, లోపల జరిగేదంతా కనిపిస్తుంది. కానీ 20 లీటర్లు నిండితే పాతిక కిలోల పైన బరువు, తడి చేతులు, నున్నటి మెడ. జారిందంటే పగిలే ముక్కలు కత్తుల్లాంటివి. చేతి నరాలు తెగి ఆపరేషన్ల దాకా వెళ్లినవాళ్లున్నారు. ఇంట్లో అలాంటిది వద్దనుకున్నాను.

మిగిలినవి మూడు. స్టీలు బకెట్, స్టీలు కెగ్‌నే ఫెర్మెంటర్‌గా వాడటం, ఒత్తిడి తట్టుకునే పెట్ (నీళ్ల సీసాలు చేసే రకం) ప్లాస్టిక్ ఫెర్మెంటర్.

స్టీలు బకెట్ చాలా దూరం వచ్చింది. గీతలు అంత సులువుగా పడవు, లోపలికి వెలుతురు పోదు, మరుగు నీళ్లు పోసి కడగొచ్చు, సరిగ్గా చూసుకుంటే జీవితాంతం ఉంటుంది. క్లోరిన్ బ్లీచ్ మాత్రం తగలనివ్వకూడదు, స్టీలును తినేస్తుంది. ఇంకెవరైనా అడిగితే ఇప్పటికీ ముందు దీని పేరే చెబుతాను. కానీ నా ఏడు ఎర్ర గీతల్లో నాలుగు ఆక్సిజన్‌వి. స్టీలు బకెట్ మూత ఒత్తిడిని పట్టి ఉంచదు. బీరును చల్లబరిచినప్పుడు లోపలి గ్యాస్ ముడుచుకుపోయి, ఎయిర్‌లాక్ గుండా బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పాత బకెట్‌తో నేను కోల్డ్ క్రాష్ (మడ్డి దిగడానికి బీరును బాగా చల్లబరచడం) చేసినప్పుడల్లా జరిగింది అదే. పొద్దున్నే లేచి చూస్తే ఎయిర్‌లాక్‌లో శానిటైజర్ ఉండేది కాదు. ఆవిరైపోయిందేమో అనుకునేవాణ్ని. బీరులోకి పోయింది, దాని వెనకే గాలి కూడా పోయింది.

ఆక్సిజన్ ఎంత తక్కువైనా ఎందుకు అంత చేటు చేస్తుందో అంకెల్లో చూస్తే భయమేస్తుంది. గాలి తగిలిన నీటిలో 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. పెద్ద బ్రూవరీలు సీసాలోకి వెళ్లే బీరులో 0.1 మిల్లీగ్రాము కూడా ఉండకూడదని తంటాలు పడతాయి. నేనేమో కొళాయి తిప్పి, గొట్టం చివర కెగ్‌లో గలగలమని పడుతుంటే ఆ చప్పుడు బాగుందనుకుంటూ నిలబడ్డాను. హాప్స్ ఎక్కువ వేసిన బీరు ఈ దెబ్బకు అన్నిటికంటే ముందు పడిపోతుంది. మాల్ట్ బలంగా ఉన్న నల్ల బీర్లలో ఇదే తప్పు చేసినా నాకు తెలియలేదు, అందుకే ఇన్నాళ్లు పట్టింది.

కాబట్టి రెండో షరతు: పులియడం అయిపోయిన క్షణం నుంచి గ్లాసులో పడేదాకా బీరుకు గాలి తగలకూడదు. అంటే ఒత్తిడి పట్టే పాత్ర కావాలి.

19 లీటర్ల సోడా కెగ్ దీనికి చక్కగా సరిపోతుంది. సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఫ్రిజ్‌లో హాయిగా పడుతుంది, బీరుకు కావాల్సిన ఒత్తిడిని లెక్కచేయదు. ఇబ్బంది ఒక్కటే: పైన నురుగుకు చోటు వదలాలి కాబట్టి 15, 16 లీటర్లకు మించి పోయలేం. పైగా కోడిగుడ్డు ఆకారపు ఆ మూత రంధ్రంలో నా చెయ్యి మోచేతి దాకా కూడా దూరదు. అడుగు శుభ్రమైందో లేదో టార్చి వేసి చూడటమే. బావ చెయ్యి సన్నం, ఆయనకు దూరుతుంది. "నేనొచ్చి కడుగుతాలే బావా" అన్నాడు. ప్రతి బ్యాచ్‌కూ ఆయన్ని పిలవడం కుదిరే పని కాదు.

చివరికి పెట్ ఫెర్మెంటర్ తెచ్చుకున్నాను. సుమారు 30 లీటర్లది, గుండ్రంగా, గరాటు లేనిది. ఒత్తిడి రేటింగ్ రెండు బార్లకు పైనే, నేను ఒకటి దాటనివ్వను. మూత మీద రెండు పోస్టులు (గొట్టాలు తగిలించే మొనలు), ఒక సేఫ్టీ వాల్వ్, అంతే. లోపల తేలే డిప్ ట్యూబ్ ఉంటుంది. ఒక సన్నటి సిలికాన్ గొట్టం చివర స్టీలు బంతి కట్టి ఉంటుంది, అది బీరు మీద తేలుతూ పైపైన తేరుకున్న బీరునే లాగుతుంది. మడ్డి అడుగునే ఉండిపోతుంది. కోనికల్‌తో నేను కోరుకున్నది కూడా అదే కదా, ఇక్కడ వాల్వే లేకుండా దొరికింది.

ఆర్డర్ పెట్టేముందు దాని కొలతలతో అట్టముక్కలు చుట్టి ఒక డమ్మీ చేసి ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేసి చూశాను. తలుపు మూసుకుంది, పైన గొట్టాలు వంగడానికి నాలుగు వేళ్ల చోటు మిగిలింది. ఈ పని అందరూ చేయాలి. కాగితం మీద పట్టేవి చాలా ఉంటాయి, తలుపు లోపలివైపు ఉబ్బెత్తుగా ఉండే అరల్ని మాత్రం ఎవరూ కొలవరు.

దీనికీ లోపాలున్నాయి, దాచను. మరుగు నీళ్లు పోయకూడదు, ఆకారం చెడిపోతుంది. 50 డిగ్రీలు దాటిన నీళ్లు నేను అసలు వాడను. గరుకు స్పాంజి వద్దు, గీతల్లో క్రిములు దాక్కుంటాయి, గీతలు పడిన పెట్‌కు ఒత్తిడి పెట్టడం ప్రమాదం కూడా. కిందపడి దెబ్బ తగిలినా, తెల్లటి చార పడినా దాన్ని ఒత్తిడికి వాడటం ఆపేయాలి. తయారీదారు చెప్పిన గడువుకు నీళ్లు నింపి ఒత్తిడి పరీక్ష చేయాలి. పారదర్శకం కాబట్టి వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటి వాసన వస్తుంది. ఫ్రిజ్‌లో చీకటే కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు. బయట పెట్టుకునేవాళ్లు దుప్పటి కప్పాల్సిందే.

మొదటి బ్యాచ్ అదే ఐపీఏ. అదే మాల్ట్, అదే హాప్స్, అదే ఈస్ట్. మార్చింది పాత్ర ఒక్కటే. వోర్ట్ (ఇంకా పులియని తీపి ద్రవం) పోసి మూత బిగించి ఒక్క శ్వాస ఒత్తిడి ఎక్కించి, మూత చుట్టూ శానిటైజర్ నురుగు చల్లి చూశాను. గ్యాస్ పోస్టు మొదట్లో ఒక బుడగ మెల్లగా ఉబ్బి పగిలింది. మళ్లీ ఇంకోటి. ఓ-రింగు తీసి చూస్తే దుమ్ము కణం ఒకటి అంటుకుని ఉంది, తుడిచి మళ్లీ బిగిస్తే ఆగింది. ఆ చిన్న బుడగను చూడకపోతే ఆ బ్యాచ్‌కూ పాత గతే పట్టేది.

ఎయిర్‌లాక్ బదులు గ్యాస్ పోస్టు నుంచి ఒక గొట్టం తీసి శానిటైజర్ నిండా నింపిన ఖాళీ కెగ్‌కు కలిపాను. 20 లీటర్ల బీరు పులుస్తూ దాదాపు 400 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఇన్నాళ్లూ దాన్ని గాల్లోకి బుడబుడమని వదిలేశాను. ఇప్పుడు అదే గ్యాస్ కెగ్‌లోని శానిటైజర్‌ను అడుగు నుంచి ఇంకో డబ్బాలోకి నెట్టేసింది. రెండో రోజు సాయంత్రానికి కెగ్ తేలికైంది, లోపల గాలి లేదు, ఈస్ట్ ఇచ్చిన గ్యాసే ఉంది. సిలిండర్ వాల్వు తిప్పాల్సిన పనే పడలేదు.

లోపల జరిగేది మొదటిసారి కళ్లారా చూశాను. ఇరవయ్యో గంటకు పైన మీగడలా నురుగు, కింద మడ్డి గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తోంది, మళ్లీ దిగుతోంది. వేలికొన అంత ఈస్ట్ గుంపులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు. ఫ్రిజ్ తలుపు తెరిచి అలాగే నిలబడిపోయాను. మా ఆవిడ వచ్చి "చల్లదనమంతా పోతోందండీ" అనేదాకా కదల్లేదు.

డ్రై హాప్ (పులిసే బీరులోనే మళ్లీ హాప్స్ వేయడం) దగ్గర ఒక ఆలోచన చేయాల్సి వచ్చింది. ఒత్తిడి ఉన్న బీరులో హాప్స్ గుళికలు వేస్తే కరిగి ఉన్న గ్యాసంతా ఒక్కసారి నురగలు కక్కుతుంది. ఒత్తిడి వదిలి మూత తీస్తే గాలి చొరబడుతుంది. అందుకే హాప్స్‌ను సన్నటి బట్ట సంచిలో పోసి, ఉడికించిన స్టీలు పూత అయస్కాంతం ఒకటి దానిలో పెట్టి, మొదటి రోజే మూత కింద గోడకు బయట ఇంకో అయస్కాంతంతో అంటించి ఉంచాను. నురుగు అంచుకు అందకుండా బాగా పైన. ఐదో రోజు గ్రావిటీ 1.016కు దిగాక బయటి అయస్కాంతం లాగేశాను. సంచి టుపుక్కున పడింది. మూత తెరవలేదు. అప్పుడే స్పండింగ్ వాల్వు (పెట్టిన ఒత్తిడి దాటితే గ్యాస్ వదిలేది) తగిలించి, మిగిలిన చక్కెరతో ఒత్తిడి తనంతట తానే పెరిగేలా 0.7 బార్ దగ్గర పెట్టాను.

కెగ్‌కు ఎక్కించేటప్పుడు మాత్రం చెమటలు పట్టాయి. రెండు నిమిషాలు బాగా వచ్చి ప్రవాహం ఆగిపోయింది. సంచి కుట్టు దగ్గర కొంచెం విడిపోయి, హాప్స్ పొడి డిస్‌కనెక్ట్‌లో (గొట్టాన్ని పోస్టుకు తగిలించే బిగింపులో) ఇరుక్కుంది. ఇక్కడ మూత తీయాలన్న ఆత్రం వస్తుంది. తీయలేదు. డిస్‌కనెక్ట్ విప్పి, కడిగి, శానిటైజర్‌లో ముంచి, కెగ్ వైపు నుంచి ఒక్క క్షణం గ్యాస్ వెనక్కి కొట్టాను. బుడుంగుమని ఒక ఆకుపచ్చ మబ్బు బీరులో విచ్చుకుంది, గొట్టం తెరుచుకుంది. ఆ తర్వాత సన్నటి ధారగా ఇరవై నిమిషాల్లో దిగిపోయింది. గలగల చప్పుడు లేదు. ఇప్పుడు సంచి చుట్టూ రెండో కుట్టు వేస్తున్నాను, తేలే బంతికి చిన్న స్టీలు జల్లెడ తొడిగాను.

నలభై ఎనిమిదో రోజున బావ వచ్చాడు. ఏమీ చెప్పకుండా గ్లాసులో పోసి ఇచ్చాను. ఎప్పట్లాగే కిటికీ వైపు తిరిగి వెలుతురుకు పట్టాడు. ఎండుగడ్డి రంగు అలాగే ఉంది. "ఇది ఈ వారం ఎక్కించిందా బావా?" అన్నాడు. నోట్‌బుక్ తెరిచి తేదీ చూపించాను.

పాత బకెట్ పారేయలేదు. కొళాయి ఊడదీసి ఆ రంధ్రానికి బిరడా పెట్టాను, శానిటైజర్ కలుపుకోవడానికి వాడుతున్నాను. వచ్చే ఆదివారం డబ్ల్యూ-34/70 ఈస్ట్‌తో లాగర్ (చల్లగా పులిసే రకం బీరు) కాస్తున్నాం, 12 డిగ్రీల దగ్గర. ఫ్రిజ్ సెన్సర్ మీది స్పాంజి పాతదైపోయి ఊడుతోంది, అది మాత్రం శనివారంలోపు మార్చాలి.